వాల్వ్ సైజర్లతో పని: ముందు రోజు లెక్క నుంచి కడిగి సర్దడం దాకా

గుండె వాల్వ్ మార్చే ఆపరేషన్ మొత్తంలో సైజర్, అంటే ఎంత సైజు వాల్వ్ పడుతుందో కొలిచే పరికరం, చేతిలో ఉండేది ఒకటి రెండు నిమిషాలే. ఆ కాసేపట్లో తేలిన నంబరు మాత్రం పేషెంటు గుండెలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. విశాఖలోని కార్డియాక్ ఓటీల్లో కొత్తగా చేరిన స్క్రబ్ నర్సులు (సర్జన్‌కు పరికరాలు అందించేవాళ్లు), ఓటీ టెక్నీషియన్లు, సీటీవీఎస్‌లో (గుండె, ఛాతీ సర్జరీ విభాగంలో) అప్పుడే అడుగుపెట్టిన రెసిడెంట్లు తెలుసుకోవాల్సిన పని వరసగా కింద ఉంది. సైజు నిర్ణయం సర్జన్‌దే. సెట్టుతో కంపెనీ ఇచ్చిన వాడుక పత్రానికీ ఇక్కడి మాటకీ తేడా వస్తే, పత్రంలో ఉన్నదే చేయండి.

నంబరును మిల్లీమీటర్లు అనుకోకండి

సైజర్ మీద 21 అని ఉంటే దాని అడ్డకొలత 21 మి.మీ. అనుకుంటాం. చాలాసార్లు అది నిజం కాదు. ఆ నంబరు ఫలానా కంపెనీ తన ఫలానా మోడల్‌కు పెట్టుకున్న గుర్తు. ఒకరు యాన్యులస్ (గుండెలో వాల్వ్ కూర్చునే వలయం) అడ్డకొలతను బట్టి నంబరు వేస్తారు, ఇంకొకరు వాల్వ్ స్టెంటు (వాల్వ్‌ను నిలబెట్టే చట్రం) బయటి అంచును బట్టి వేస్తారు. కొన్ని వాల్వ్‌లు యాన్యులస్ లోపల ఇమిడేలా తయారవుతాయి, కొన్ని యాన్యులస్ పైన కూర్చునేలా. కుట్టు రింగు వెడల్పులోనూ తేడాలుంటాయి. అందుకే ఏ వాల్వ్ పెడుతున్నారో ఆ మోడల్ సైజర్‌తోనే కొలవాలి. ఒక కంపెనీ సైజర్‌తో కొలిచి ఇంకో కంపెనీ డబ్బా తెరిచే అలవాటు ఎక్కడైనా కనిపిస్తే అక్కడే ఆపండి.

ఒకే నంబరున్న వాల్వ్‌ల లోపల రక్తం వెళ్లే దారి ఎంత తేడాగా ఉంటుందో చూడండి. ఎకోలో కొలిచి ప్రచురించిన పట్టికల ప్రకారం 21 నంబరు మొజాయిక్ అయోర్టిక్ వాల్వ్ (గుండె నుంచి ఒంటికి రక్తం పోయే దారిలోది) ఎఫెక్టివ్ ఆరిఫిస్ ఏరియా, అంటే ఈవోఏ, సగటున 1.2 చ.సెం.మీ. పెరిమౌంట్ మాగ్నాకు 1.5. సెయింట్ జూడ్ రీజెంట్‌కు 2.0 దగ్గర. మూడింటి మీదా ఉన్నది 21 అనే. సెయింట్ జూడ్‌లోనే పాత స్టాండర్డ్ మోడల్ 19కి 1.0 అయితే రీజెంట్ 19కి 1.6. ఇవి సగటులే, ఒక్కో పేషెంటులో అటూ ఇటూ అవుతాయి. అయినా నంబరు ఒక్కటే చూసి ‘21 పడింది కదా, సరిపోతుంది’ అనేయడానికి లేదని మాత్రం తెలుస్తుంది.

హేగర్ డైలేటర్ల (నున్నటి కొలత కడ్డీల) సంగతి వేరు. వాటి నంబరు నిజంగానే మిల్లీమీటరు కొలత. చిన్నపిల్లల్లో, రిపేర్లలో, యాన్యులస్ అసలు కొలత ఎంతో తెలుసుకోవడానికి అవి పనికొస్తాయి. అయితే హేగర్ 21 దిగిందని 21 నంబరు వాల్వ్ తెరవకూడదు. హేగర్ యాన్యులస్‌ను కొలుస్తుంది, వాల్వ్ అందులో కూర్చుంటుందో లేదో చెప్పదు.

ముందు రోజు: ఎంత కావాలో లెక్క వేసుకోండి

యాన్యులస్‌లో ఎంత పడుతుందన్నది ఓటీలో తేలుతుంది. పేషెంటు ఒంటికి ఎంత కావాలన్నది ముందు రోజే తేలాలి. ఈ రెండో లెక్క చేతిలో లేకుండా సైజర్ పట్టుకుంటే, పట్టిన నంబరుతో సరిపెట్టుకోవడం తప్ప దారి ఉండదు.

లెక్క సులువే. ఎత్తును సెంటీమీటర్లలో, బరువును కిలోల్లో తీసుకుని రెంటినీ గుణించండి. 3600తో భాగించి వర్గమూలం తీస్తే శరీర ఉపరితల వైశాల్యం, అంటే బీఎస్ఏ, చదరపు మీటర్లలో వస్తుంది. దాన్ని 0.85తో గుణిస్తే అయోర్టిక్ వాల్వ్‌కు కనీసం కావాల్సిన ఈవోఏ వస్తుంది. ఈవోఏను బీఎస్ఏతో భాగిస్తే 0.85 లేదా అంతకంటే తక్కువ వస్తే ఒంటికీ వాల్వ్‌కీ పొంతన కుదరలేదని, 0.65 లేదా అంతకంటే తక్కువ వస్తే ఆ తేడా తీవ్రంగా ఉందని లెక్క. బీఎంఐ 30 దాటినవాళ్లకు ఈ గీతలు 0.70, 0.55. మైట్రల్‌కు (గుండె ఎడమ పక్క పై గదికీ కింది గదికీ మధ్య వాల్వ్) 1.2, 0.9.

పాడేరు వైపు నుంచి వచ్చిన ఒక మహిళ ఎత్తు 150 సెం.మీ., బరువు 48 కిలోలు అనుకోండి. బీఎస్ఏ 1.41. కావాల్సిన ఈవోఏ 1.2. మాగ్నా 21 హాయిగా సరిపోతుంది, మొజాయిక్ 21 సరిగ్గా గీత మీద ఉంటుంది, పాత స్టాండర్డ్ 19 పెడితే 0.71కి పడిపోతుంది. అదే గాజువాకలో ఫ్యాక్టరీ పని చేసే మనిషి ఎత్తు 165, బరువు 66 అయితే బీఎస్ఏ 1.74, కావాల్సింది 1.48. ఇతనికి మొజాయిక్ 21 పెడితే 0.69 వస్తుంది, 23 పెట్టినా 0.80 దగ్గరే ఆగుతుంది, మాగ్నా 21 పెడితే 0.86. యాన్యులస్ కొలత ఇద్దరిదీ ఒకటే అయినా నిర్ణయం ఒకటి కాదు.

ఉత్తరాంధ్ర నుంచి, పక్కనున్న కోరాపుట్ వైపు నుంచి మన ఊరి పెద్దాసుపత్రులకు వచ్చే వాల్వ్ కేసుల్లో రుమాటిక్ జబ్బువి చాలా ఉంటాయి. చిన్న వయసు, సన్నటి ఒళ్లు, తక్కువ బీఎస్ఏ. ‘చిన్న మనిషే కదా, చిన్న వాల్వ్ చాలు’ అనిపించడం సహజం. కానీ మైట్రల్ స్టెనోసిస్‌తో (మైట్రల్ వాల్వ్ సన్నబడి) తిండి సహించక చిక్కి 38 కిలోలకు వచ్చిన మనిషి, ఆపరేషన్ తర్వాత ఏడాదికి 50 కిలోలు కావచ్చు. బరువు మరీ తగ్గి ఉన్నవాళ్లకు జబ్బుకు ముందు బరువు అడిగి, ఆ లెక్క కూడా పక్కన రాసుకోండి.

ఎకో రిపోర్టులో యాన్యులస్ కొలత చూడండి. పారాస్టెర్నల్ లాంగ్ యాక్సిస్‌లో జూమ్ చేసి, సిస్టోల్ మధ్యలో, వాల్వ్ ఆకుల (తెరుచుకుని మూసుకునే రెప్పల) మొదళ్ల దగ్గర లోపలి అంచు నుంచి లోపలి అంచుకు తీసిన కొలతే నమ్మదగినది. అడ్డంగా క్యాల్షియం ముద్ద ఉంటే ఎకో తక్కువ చూపిస్తుంది. యాన్యులస్ కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది కాబట్టి ఒక్క అడ్డకొలతతో అసలు సైజు తెలియదు. సీటీ ఉంటే చుట్టుకొలతను 3.14తో భాగించి తీసిన కొలత తీసుకోండి. ఈ కొలతకు ఒక సైజు పైనా ఒక సైజు కిందా కలిపి మొత్తం మూడు సైజుల వాల్వ్‌లు ఓటీలో ఉండేలా ముందు రోజు సాయంత్రానికే చూసుకోవాలి. హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో తెప్పించుకోవాల్సిన సైజు గురించి క్రాస్ క్లాంప్ (అయోర్టాను మూసి పట్టే పరికరం) పెట్టాక తెలిసి లాభం లేదు.

కంపెనీ రిప్రజెంటేటివ్ తెచ్చే లోనర్ ట్రే (అరువు సెట్టు) అయితే ఆపరేషన్ రోజు పొద్దున కాదు, ముందు రోజు మధ్యాహ్నానికే సీఎస్ఎస్‌డీకి (ఆసుపత్రిలో పరికరాలు స్టెరైల్ చేసే విభాగానికి) చేరాలి. పక్క ఆసుపత్రిలో వాడి నేరుగా పట్టుకొచ్చిన ట్రే మీద ‘స్టెరైల్’ స్టిక్కర్ ఉన్నా దాన్ని నమ్మకుండా మీ సీఎస్ఎస్‌డీలో మొదటి నుంచి చేయించండి.

సెట్టు విప్పి చూడండి

ఒక్కో సైజుకు సాధారణంగా రెండు చివరలుంటాయి. ఒకటి బ్యారెల్, నున్నటి గుండ్రటి స్తంభం. ఇది యాన్యులస్‌లోంచి దూరుతుందా లేదా అన్నది చూడటానికి. రెండోది రెప్లికా, అంటే అసలు వాల్వ్ కుట్టు రింగు, స్టెంటు కాళ్ల ఆకారంలో చేసిన నకలు. ఇది ఎక్కడ కూర్చుంటుంది, దేనికి అడ్డం వస్తుంది అన్నది చూడటానికి. కొన్ని సెట్లలో రెండూ ఒకే కడ్డీకి అటూ ఇటూ ఉంటాయి, కొన్నింట్లో విడివిడిగా ఉండి హ్యాండిల్‌కు బిగించాలి. అయోర్టిక్ సెట్లు చాలావరకు 19, 21, 23, 25, 27, 29 అని, మైట్రల్ సెట్లు 25 నుంచి 33 దాకా వస్తాయి. అయోర్టిక్ 25, మైట్రల్ 25 చూడటానికి దగ్గరగా ఉంటాయి, కానీ ఒకటి కాదు. రెండు వాల్వ్‌ల కేసులో రెండు ట్రేలనూ బల్ల మీద ఒకేసారి విప్పకండి.

ప్యాక్ చేయకముందే ప్రతి ముక్కనూ వెలుతురుకు ఎదురుగా పట్టి తిప్పి చూడండి. ఎక్కువ సెట్లు పాలీసల్ఫోన్ జాతి ప్లాస్టిక్‌వి. పాతబడితే ముందు సన్నటి వెంట్రుకలాంటి గీతలు, హ్యాండిల్ బిగించే గాడి దగ్గర మొదలవుతాయి. అలాంటిది బిగిస్తుంటే ఇరిగి, ముక్క వెంట్రికిల్‌లో (గుండె కింది గదిలో) పడిందంటే ఇక వెతుకులాటే. గీత కనిపిస్తే ఆ సైజును పక్కన పెట్టి కొత్తది తెప్పించండి, జిగురు పెట్టి అతికించే పని వద్దు. నంబరు చెరిగిపోయి 21, 27 పోల్చుకోవడం కష్టమైతే, అదీ పక్కనే. మార్కర్‌తో మళ్లీ రాసుకోవడం కుదరదు, రెండు ఆటోక్లేవ్‌లకు పోతుంది.

ఏడాదికి ఒకసారైనా వెర్నియర్ క్యాలిపర్‌తో బ్యారెల్‌లను కొలిచి, కంపెనీ పత్రంలోని పట్టికతో పోల్చండి. పట్టికతోనే, పైన ఉన్న నంబరుతో కాదు. ఇది సీఎస్ఎస్‌డీలో, శుభ్రం చేశాక, స్టెరైల్ చేయకముందు చేసే పని.

బల్ల మీద చిన్న నంబరు ఎడమ వైపు, పెద్దది కుడి వైపు, అన్నీ ఒకే దిక్కుకు. హ్యాండిల్ ఎన్ని ముక్కలుగా విడిపోతుందో లెక్కపెట్టి గాజ్ గుడ్డల (రక్తం అద్దే పలచటి గుడ్డల) లెక్కతో పాటు బోర్డు మీద రాయించండి.

అయోర్టిక్: కొలిచే వరస

కొలత తీసుకోవాల్సింది ఆకులు కోసేసి, క్యాల్షియం తీసేసి, కడిగాక, కుట్లు మొదలుపెట్టక ముందు. క్యాల్షియం తీసేటప్పుడు రాలిన పొడి వెంట్రికిల్‌లో పడితే గుండె కొట్టుకోవడం మొదలవగానే అది మెదడుకు పోతుంది. అందుకే చల్లటి సెలైన్ ధారగా పోసి కడిగి, బయటికి పారబోసే సక్షన్‌తోనే లాగాలి, గుండె-ఊపిరితిత్తుల మెషిన్ పంపుకు వెళ్లే సక్షన్‌తో కాదు. వెంట్రికిల్‌లో గాజ్ గుడ్డ ముక్క పెట్టి ఉంటే సైజర్ దించే ముందే తీశారో లేదో స్క్రబ్ నర్సు నోటితో అడగాలి.

కమిష్యూర్‌ల (పక్కపక్క ఆకులు కలిసే చోట్ల) దగ్గర పైకి లాగి కట్టిన స్టే కుట్లను కొంచెం వదులు చేయమని గుర్తు చేయండి. గట్టిగా లాగి ఉన్నప్పుడు యాన్యులస్ సాగి, అసలు ఆకారం పోతుంది. అప్పుడు పట్టిన సైజు కుట్లు వదిలాక పట్టదు.

ఎకో కొలతకంటే ఒక నంబరు చిన్న బ్యారెల్‌తో మొదలుపెట్టి, సెలైన్‌లో ముంచి ఇవ్వండి. హ్యాండిల్ మెడ వంగేదైతే, బ్యారెల్ ముఖం యాన్యులస్‌కు సరిగ్గా ఎదురుగా వచ్చేలా ముందే వంచి పెట్టండి. ఏటవాలుగా దించిన బ్యారెల్ ఒక పక్క ఆనుకుని ఆగిపోతే సైజు చిన్నదనిపిస్తుంది, ఒక పక్క నుంచి జారి దూరిపోతే పెద్దదనిపిస్తుంది. రెండూ తప్పే.

సరైన బ్యారెల్ చుట్టూ అంచును ఒరుసుకుంటూ, రెండు వేళ్ల బలంతో దిగుతుంది. ఎక్కడా తగలకుండా జారిపోతే పై నంబరు అందించండి. మణికట్టు బలం పెట్టాల్సి వచ్చిందంటే కింది నంబరే సైజు. ఇక్కడే చాలామంది ఆశ పడతారు, ఒక నంబరు పెద్దది పడితే మంచిదే కదా అని. క్యాల్షియం గీకిన చోట యాన్యులస్ కాగితంలా ఉంటుంది. బలంగా తోస్తే చిరుగుతుంది, ఆ చిరుగు అయోర్టా వెనక వైపు ఉంటే క్లాంప్ తీశాక కారే రక్తం కనపడదు, చేతికీ అందదు. కుడి, నాన్‌కరొనరీ ఆకులు కలిసే కమిష్యూర్ కిందుగా గుండెకు కరెంటు తీసుకెళ్లే కట్ట పోతుంది. అక్కడ పెద్ద వాల్వ్ ఒత్తితే హార్ట్ బ్లాక్ వస్తుంది, పేస్‌మేకర్ దాకా పోవచ్చు.

బ్యారెల్ తేలాక అదే నంబరు రెప్లికా. దీన్ని యాన్యులస్ మీద కూర్చోబెట్టి చూడాల్సినవి ఇవి: ఎడమ, కుడి కరొనరీ (గుండెకు రక్తం ఇచ్చే ధమనుల) నోళ్లు రెండూ కుట్టు రింగుకు పైన పూర్తిగా కనిపిస్తున్నాయా, స్టెంటు కాళ్లు నోళ్లకు ఎదురుగా రాకుండా కమిష్యూర్‌ల వైపు ఉన్నాయా, రింగు కింద ఎక్కడైనా సందు ఉందా. సందు కనిపిస్తే సాధారణంగా అక్కడ క్యాల్షియం ముద్ద మిగిలి ఉంటుంది. పెద్ద వాల్వ్ పెడితే ఆ సందు మూసుకుపోదు, ముద్ద తీసేస్తేనే పోతుంది. లేదంటే అదే రేపు పారావాల్వులర్ లీక్, అంటే వాల్వ్ పక్కనుంచి రక్తం కారడం. రెండాకుల వాల్వ్‌తో పుట్టినవాళ్లలో కరొనరీ నోళ్లు ఒకదానికొకటి దాదాపు ఎదురెదురుగా ఉంటాయి, వాళ్లలో స్టెంటు కాళ్ల సర్దుబాటుకు ఇంకొంచెం సమయం ఇవ్వండి.

యాన్యులస్‌లో పడుతుంది కానీ పైనున్న సైనోట్యూబులర్ జంక్షన్ (అయోర్టా పై మెడ) దగ్గరే రెప్లికా ఇరుక్కుంటుంది, ఇలాంటి కేసులూ ఉంటాయి. చేతి గాజు ఉండేది మణికట్టు మీద, సైజు చూసేది మాత్రం పిడికిలి దాటుతుందా అని. వాల్వ్‌కూ అంతే. పై మెడ సన్నగా ఉన్న అయోర్టాలో ముందు రెప్లికా ఆ మెడ దాటుతుందో లేదో చూసి, దాటకపోతే అయోర్టా కోతను నాన్‌కరొనరీ సైనస్ వైపు పొడిగించాలా అని సర్జన్ ఆలోచిస్తారు.

కుట్టే తీరు కూడా సైజును మారుస్తుంది. ప్లెడ్జెట్‌లు (కుట్టు కండను కోయకుండా పెట్టే చిన్న మెత్తలు) కింద, వెంట్రికిల్ వైపు ఉండేలా వేస్తే వాల్వ్ యాన్యులస్ పైకి కూర్చుంటుంది. ప్లెడ్జెట్‌లు పైన ఉండి అంచు లోపలికి మడతపడేలా వేస్తే దారి సన్నబడి ఒక నంబరు తగ్గవచ్చు. సైజర్ ఇచ్చే ముందే ఏ తీరు కుట్లో అడిగి ఉంచుకుంటే 2-0 పాలీయెస్టర్ కుట్లు కూడా సరైనవే చేతికందుతాయి.

కావాల్సినంత పట్టకపోతే

ముందు రోజు లెక్క ఇప్పుడు పనికొస్తుంది. కావాల్సింది 1.48, పట్టిన వాల్వ్ ఇచ్చేది 1.2 అని తేలితే సర్జన్ ముందు మూడు దారులుంటాయి: అదే నంబరులో ఈవోఏ ఎక్కువున్న మోడల్, రూట్ (అయోర్టా మొదలు) వెడల్పు చేయడం, లేదా వయసు, పని, ఇతర జబ్బులు చూసి ఆ తేడాతో సరిపెట్టుకోవడం. మోడల్ మారిస్తే సైజర్ కూడా మార్చి మళ్లీ మొదటి నుంచి కొలవాలి.

రూట్ వెడల్పు చేయడంలో నిక్స్ పద్ధతి 1970 నుంచి వాడుకలో ఉంది. నాన్‌కరొనరీ సైనస్ మధ్యలోంచి కిందికి కోసి ప్యాచ్ వేస్తారు. 1979 నాటి మనూగియన్ పద్ధతిలో కోత ఎడమ, నాన్‌కరొనరీ కమిష్యూర్ మీదుగా మైట్రల్ ముందాకు దాకా పోతుంది. వీటితో ఒకటి, అరుదుగా రెండు నంబర్లు పెరుగుతాయి. ఈమధ్య వచ్చిన వై ఆకారపు కోతతో అంతకంటే ఎక్కువ. బల్ల దగ్గర మీ వంతు: పెరికార్డియం (గుండె చుట్టూ ఉండే పొర) ముక్క ముందే తీసి, వాడాలనుకుంటే 0.6 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో ఉంచి బాగా కడిగి పెట్టడం, లేదా డేక్రాన్ ప్యాచ్ సిద్ధంగా ఉంచడం. 19 నంబరు బ్యారెల్ కూడా బిగుతుగా ఉందని తేలాక ప్యాచ్ కోసం స్టోరుకు మనిషిని పంపితే, క్లాంప్ టైము పరుగెడుతూనే ఉంటుంది. ప్యాచ్ కుట్టే మధ్యలో మళ్లీ సైజర్ అడుగుతారు. వాడిన సైజర్లను పక్కకు నెట్టేయకండి.

మైట్రల్‌లో వేరే జాగ్రత్తలు

మైట్రల్ యాన్యులస్ మెత్తన, సాగుతుంది. బలం పెడితే 33 కూడా దూరుతుంది. కాబట్టి ‘దూరింది’ అన్నది ఇక్కడ కొలతే కాదు. లెఫ్ట్ ఏట్రియం (గుండె ఎడమ పై గది) రిట్రాక్టర్ గట్టిగా లాగి ఉంటే యాన్యులస్ వంకరపోయి కనిపిస్తుంది. కొలిచేటప్పుడు రిట్రాక్టర్‌ను కాస్త సడలించాలి.

ముందుగా ఏట్రియంలో, దానికున్న సంచిలాంటి అపెండేజ్‌లో రక్తపు గడ్డ ఉందేమో చూసి తీసేయాలి. రుమాటిక్ మైట్రల్ స్టెనోసిస్, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కలిసిన కేసుల్లో గడ్డ ఉండటం మామూలే, సైజర్ హ్యాండిల్ తగిలి అది కదిలితే అదొక ప్రమాదం.

పెద్ద నంబరు పెడితే ఏమవుతుంది? వెనక వైపు ఏట్రియోవెంట్రికులర్ గాడి (పై గదికీ కింది గదికీ మధ్యది) చిరగవచ్చు. అది జరిగితే పేషెంటును దక్కించుకోవడం చాలా కష్టం. వయసు మళ్లిన, చిన్న గుండె ఉన్న, యాన్యులస్‌లో క్యాల్షియం పేరుకున్న ఆడవాళ్లలో ఈ భయం ఎక్కువ. అదే గాడిలో పోయే సర్కంఫ్లెక్స్ ధమని కుట్టులో చిక్కుకోవచ్చు, లేదా లాగుడుకు మెలిపడవచ్చు. టిష్యూ వాల్వ్ (జంతు కణజాలంతో చేసినది) అయితే స్టెంటు కాలు వెంట్రికిల్ నుంచి రక్తం బయటికి పోయే దారికి అడ్డం పడవచ్చు. అందుకే రెప్లికా దించినప్పుడు కాళ్లు ఆ దారికి అటూ ఇటూ ఉన్నాయో లేదో చూడటం తప్పనిసరి. మైట్రల్‌లో సందేహం వస్తే కింది నంబరుకే మొగ్గండి. అయోర్టిక్‌తో పోలిస్తే ఇక్కడ ఒక నంబరు తగ్గినందువల్ల జరిగే నష్టం, పెంచినందువల్ల జరిగే నష్టం కంటే చాలా చిన్నది.

వెనక ఆకు, దాని తంతులు అలాగే ఉంచితే కొలత వాటితో కలిపే తీయాలి. మెకానికల్ వాల్వ్ పెట్టాక మిగిలిన తంతు ఒకటి ఆకు కదలికకు అడ్డం వస్తుంటుంది. కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ ప్రోబుతో ఆకులు పూర్తిగా తెరుచుకుని మూసుకుంటున్నాయో చూడాలి. ఫోర్సెప్స్‌తో, ఏ లోహపు పరికరంతోనూ పైరోలిటిక్ కార్బన్ ఆకును ముట్టకూడదు, గీత పడితే ఆ వాల్వ్ ఇక వాడకూడదు. తిరువనంతపురం శ్రీ చిత్ర ఇన్‌స్టిట్యూట్‌లో తయారై 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి పెట్టిన చిత్ర వాల్వ్ ఒంటి డిస్కుది. డిస్కు ఒక పక్క ఎక్కువగా, ఇంకో పక్క తక్కువగా తెరుచుకుంటుంది కాబట్టి దాన్ని ఏ వైపు తిప్పి కూర్చోబెడుతున్నారన్నది కూడా సర్జన్ చూసుకుంటారు. దాని సైజర్లు దానివే.

రెండు వాల్వ్‌లూ మారుస్తుంటే అయోర్టిక్‌ను ముందే ఒకసారి కొలిచినా, మైట్రల్ కట్టేశాక మళ్లీ కొలవాలి. రెంటికీ మధ్య గోడ ఒకటే. మైట్రల్ వాల్వ్ కూర్చున్నాక ఆ గోడ ముందుకు జరిగి, పొద్దున 23 పట్టిన అయోర్టిక్‌లో ఇప్పుడు 21 పట్టడం కొత్తేం కాదు.

వాల్వ్ మార్చకుండా రింగు వేస్తుంటే సైజర్ కొలిచేది యాన్యులస్‌ను కాదు, ముందాకును. ఆకును నర్వ్ హుక్‌తో మెల్లగా చాచి పట్టి, సైజర్ మీదున్న గాట్లు రెండు కమిష్యూర్‌లకు సరిపడుతున్నాయా, ఆకు ఎత్తు, వెడల్పు సైజర్‌తో సమానంగా ఉన్నాయా అని చూస్తారు. ఈ నంబర్లు సరి సంఖ్యల్లో, చాలా సెట్లలో 24 నుంచి 40 దాకా ఉంటాయి. ఆకులో పదార్థం ఎక్కువగా ఉన్నవాళ్లకు చిన్న రింగు వేస్తే ముందాకు సిస్టోల్‌లో బయటి దారిలోకి లాక్కుపోయి అడ్డం పడుతుంది.

డబ్బా తెరిచే ముందు

సర్జన్ వాల్వ్ పేరు, స్థానం, నంబరు మూడూ చెప్పాలి: ‘మాగ్నా, అయోర్టిక్, 21.’ సర్క్యులేటింగ్ నర్సు డబ్బా మీదివి చదివి వినిపించాలి: పేరు, స్థానం, నంబరు, గడువు తేదీ, సీరియల్ నంబరు. స్క్రబ్ నర్సు చేతిలోని సైజర్ మీది నంబరు చూసి మళ్లీ చెప్పాలి. ముగ్గురి మాటా కలిశాకే సీలు విప్పండి. ఒకసారి విప్పిన టిష్యూ వాల్వ్ మళ్లీ స్టాకులోకి వెళ్లదు.

గ్లూటరాల్డిహైడ్‌లో వచ్చే వాల్వ్‌ను కడగాలి. ఒక కంపెనీ 500 మి.లీ. సెలైన్ గిన్నెలు రెండు, ఒక్కోదాంట్లో కనీసం ఒక నిమిషం అంటుంది. ఇంకో కంపెనీ గిన్నెలు మూడు, రెండేసి నిమిషాలు అంటుంది. ఇన్‌స్పిరిస్ రెసిలియా పొడి డబ్బాలో వస్తుంది, దానికి ఈ కడుగుడు లేదు. గిన్నెల్లో యాంటీబయాటిక్ కలపకండి, కంపెనీ చెప్పనిదేదీ కలపకండి. కట్టేదాకా లైట్ల వేడికి ఆకులు ఎండిపోకుండా కాసేపటికొకసారి సెలైన్ చల్లుతూ ఉండాలి. సీరియల్ నంబరు ట్యాగ్ తీసి వాల్వ్ డబ్బా నంబరుతో సరిచూశాకే పారేయండి. ట్యాగ్ దారం ముక్క కుట్టు రింగులో మిగలకూడదు.

కడగడం, స్టెరైల్ చేయడం

వాడిన సైజర్ మీద రక్తం ఎండనివ్వకండి. బల్ల మీదే తడి గుడ్డతో తుడిచి డిస్టిల్డ్ వాటర్‌లో పెట్టండి. సెలైన్ గిన్నెలో పడేసి మర్చిపోతే అందులోని ఉప్పు స్టీలు హ్యాండిల్‌ను గుంతలు గుంతలుగా తినేస్తుంది. హ్యాండిల్ విప్పదీసి, ఎంజైమ్ డిటర్జెంట్‌లో పత్రం చెప్పినంత సేపు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో గాడిలోంచి, మరల్లోంచి తోమండి. స్టీలు పీచు, పొడి సబ్బు ప్లాస్టిక్‌ను గీస్తాయి. చివరి కడుగుడు డీమినరలైజ్డ్ నీళ్లతో. బోరు నీళ్లతో ఆపేస్తే ఆటోక్లేవ్‌లోంచి తెల్ల మచ్చలతో వస్తాయి. ఎసిటోన్‌తో స్టిక్కర్ జిగురు తుడవడం, ఇన్‌స్ట్రుమెంట్ ఆయిల్ రాయడం చేయకండి, ప్లాస్టిక్‌లో గీతలు అక్కడే మొదలవుతాయి.

చాలా సెట్లకు ప్రీవ్యాక్యూమ్ ఆవిరిలో 132 డిగ్రీల దగ్గర 4 నిమిషాలు, లేదా 134 దగ్గర 3 నిమిషాలు అన్న సైకిల్ రాసి ఉంటుంది, ఆ తర్వాత ఆరబెట్టే టైము వేరుగా. మీ సెట్టు పత్రంలో ఉన్నదే తీసుకోండి. ఈటీవోకు (ఇథిలీన్ ఆక్సైడ్ గ్యాసుతో స్టెరైల్ చేయడానికి) పంపాల్సి వస్తే గ్యాసు పోయేదాకా గాలి పట్టించడానికి 50 డిగ్రీల దగ్గర 12 గంటలు పడుతుంది, కాబట్టి అత్యవసరంలో అది దారి కాదు. సైడెక్స్‌లో (గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో) 20 నిమిషాలు ముంచి తీయడం అసలే కాదు. అది క్రిములను తగ్గిస్తుందే గానీ స్టెరైల్ చేయదు. గ్లూటరాల్డిహైడ్‌తో స్టెరైల్ కావాలంటే 10 గంటలు ఉంచాలి.

సముద్రం పక్క ఊరు కాబట్టి ఇంకొక సంగతి. వేడి ట్రేను బయటికి తీయగానే ఏసీ గదిలోని చల్లటి స్టీలు బల్ల మీద పెడితే ప్యాక్ అడుగున నీళ్లు పడతాయి. తడిసిన ప్యాక్ స్టెరైల్ కాదు. జాలీ ర్యాక్ మీద పూర్తిగా చల్లారనివ్వండి. స్టెరైల్ స్టోరులో తేమ 70 శాతం దాటకూడదు. ఆదివారం ఏసీ ఆపేసే చోట సోమవారం పొద్దున కేసుకు ప్యాక్‌లు తీసే ముందు వాటి అడుగు భాగం చేత్తో తడిమి చూడండి, ఇండికేటర్ టేపు రంగు ఒక్కటే చూసి విప్పకండి.

రికార్డులో వాల్వ్ స్టిక్కర్ అంటించి ఊరుకోకుండా, ఏ సైజర్ సెట్టు వాడారు, బ్యారెల్ ఏ నంబరు, రెప్లికా ఏ నంబరు, పై నంబరు ఎందుకు వద్దన్నారు అన్నది ఒక వాక్యంలో రాయించండి. ‘23 బ్యారెల్ బిగుతు, 23 రెప్లికా ఎడమ కరొనరీకి ఆనింది, 21 పెట్టాం’ అంటే చాలు. పదేళ్ల తర్వాత అదే పేషెంటు పాత వాల్వ్ లోపల క్యాథెటర్‌తో కొత్తది పెట్టించుకోవడానికి వస్తే, అప్పుడు చూసే డాక్టరుకు ఈ వాక్యమూ, మోడల్ పేరూ రెండూ కావాలి.